చిన్న కంపెనీ హెడ్‌ఫోన్‌కు సర్వీసు ఎలా పొందాలి: తిరుపతి, చిత్తూరు శ్రోతల కోసం

చేత్తో హెడ్‌ఫోన్లు తయారుచేసే చిన్న కంపెనీ దగ్గర యాభై వేలో లక్షో పెట్టి కొంటే, రేపు ఒక వైపు మోగడం ఆగిపోతే ఎవరు చూస్తారు, తిరుపతిలోగాని చిత్తూరులోగాని దానికి సర్వీసు సెంటరు ఉంటుందా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. మన ఊళ్లలో అటువంటి సెంటరు ఉండదు. అయినా సర్వీసు దొరుకుతుంది. అయిదారుగురు పనిచేసే కంపెనీలో మీ ఉత్తరానికి జవాబిచ్చే మనిషే చాలాసార్లు డ్రైవర్లను, అంటే కప్పుల్లో ధ్వని పుట్టించే భాగాలను, కొలిచి బిగించే మనిషి కూడా అయి ఉంటాడు. సరిగ్గా అడిగితే పెద్ద కంపెనీల కాల్ సెంటరులో దొరకని శ్రద్ధ అక్కడ దొరుకుతుంది. కొనేముందు ఏమి చూడాలో, పాడైతే ఏ వరుసలో నడవాలో కింద రాస్తున్నాను. ఒకే ధరలో ఉన్న రెండు హెడ్‌ఫోన్ల మధ్య తేల్చుకోలేకపోతే, మన ప్రాంతంలో ఉండేవారు ధ్వనిలోని చిన్న తేడాలకన్నా లోపం వచ్చినప్పుడు కంపెనీ ఎలా నడుచుకుంటుందన్న దానికే ఎక్కువ విలువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

దగ్గర ఉంచుకోవలసినవి

- కొన్న బిల్లు, చెల్లింపు రుజువు, సీరియల్ నంబరు ఫొటో
- అసలు పెట్టె, లోపలి ఫోమ్‌తో సహా (అటక మీద చోటు తింటుందని పారేయకండి)
- సరిగ్గా పనిచేస్తున్నదని తెలిసిన మరొక హెడ్‌ఫోన్, మరొక ఫోను
- వీలైతే ఒక మామూలు మల్టీమీటరు
- కంపెనీతో జరిగే ఉత్తరాలన్నీ ఒకేచోట ఉండేలా ఒకే ఈమెయిల్ చిరునామా

కొనేముందు

1. కంపెనీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి. ఈ రంగంలో పేర్లు, యాజమాన్యాలు మారుతుంటాయి. మిస్టర్ స్పీకర్స్ అన్న అమెరికా కంపెనీ 2019లో డాన్ క్లార్క్ ఆడియోగా పేరు మార్చుకుంది. కాలిఫోర్నియాకు చెందిన ఆడిజీని 2023లో సోనీ ఇంటరాక్టివ్ ఎంటర్‌టైన్‌మెంట్ కొన్నది. మరోవైపు, 1953లో బ్రూక్లిన్‌లో మొదలైన గ్రాడో ఇప్పటికీ కుటుంబ సంస్థగానే ఉంది. యాజమాన్యం మారినంత మాత్రాన సర్వీసు చెడిపోతుందని కాదు. పాత సమీక్షల్లో కనబడే చిరునామా, పాత వారంటీ షరతులు ఇప్పుడు చెల్లకపోవచ్చు కనుక కంపెనీ సొంత వెబ్‌సైటులో ఈనాటి షరతులను చదివి, ఆ పేజీని భద్రపరచుకోండి.

2. మరమ్మతుకు వీలైన నిర్మాణమా అని చూడండి. కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చా? ఇయర్ ప్యాడ్లు, తలపట్టీ విడిగా అమ్ముతారా? వాటి ధర ఎంత? సెన్‌హైజర్ పెద్ద కంపెనీయే అయినా దాని హెచ్‌డీ 600ను కొలమానంగా పెట్టుకోవచ్చు: 1997లో వచ్చిన ఆ మోడల్‌లో ప్యాడ్లు, కేబుల్, డ్రైవర్లు కూడా సోల్డరింగ్ లేకుండా మారుతాయి. రొమేనియాలోని బాయా మారే నుంచి వచ్చే మెజే హెడ్‌ఫోన్లు కూడా భాగాలను విడదీసి మార్చుకునేలా రూపొందించినవే. గ్రాడో సంప్రదాయ మోడళ్లలో కేబుల్ ఊడదు. అక్కడ కేబుల్ తెగితే హెడ్‌ఫోన్ మొత్తాన్ని పంపవలసి వస్తుంది. మన ఎండల్లో, చెమటలో కృత్రిమ తోలు ప్యాడ్లు పొరలుగా లేచిపోవడం మామూలే కాబట్టి ప్యాడ్ల లభ్యతను తప్పకుండా అడగండి.

3. డబ్బు కట్టకముందే ఒక ఉత్తరం రాయండి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. కంపెనీకి ఈ నాలుగు ప్రశ్నలు పంపండి: భారతదేశంలో కొన్నవారికి వారంటీ మీరే చూస్తారా, డీలరు చూస్తాడా? వారంటీలో ఉండగా రానుపోను కొరియర్ ఖర్చు ఎవరిది? రెండవ యజమానికి వారంటీ బదిలీ అవుతుందా? వారంటీ అయిపోయాక ఒక డ్రైవరు మార్చడానికి సుమారు ఎంత అవుతుంది?

వచ్చిన జవాబులో వేగంకన్నా తీరును చూడండి. నాలుగు ప్రశ్నలకూ విడివిడిగా జవాబిచ్చారా, లేక “మా నాణ్యత మీద మాకు నమ్మకం ఉంది” అని దాటవేశారా? కొనబోయేవాడికే సూటిగా జవాబివ్వనివారు, కొన్నాక ఇస్తారని ఆశించడం కష్టం. జవాబు ఆలస్యమైతే ముందుగా గడియారం, క్యాలెండరు చూడండి. మనకు ఉదయం పది గంటలైతే న్యూయార్క్‌లో అప్పుడు దాదాపు అర్ధరాత్రి. చైనా కంపెనీలు తమ కొత్త సంవత్సరం సెలవుల్లో, అంటే జనవరి చివర, ఫిబ్రవరి నెలల్లో కొన్నాళ్లు మూతపడతాయి. యూరప్‌లో చాలామంది ఆగస్టులో సెలవు తీసుకుంటారు.

4. పేరుప్రతిష్ఠలను ఫిర్యాదుల వైపు నుంచి చదవండి. పొగడ్తలు ఎక్కువగా కొన్న మొదటి వారంలో రాసినవై ఉంటాయి. సర్వీసు గురించి వాటిలో ఏమీ ఉండదు. మోడల్ పేరుతోపాటు “రిపేర్”, “వారంటీ”, “ఒక వైపు మోగడం లేదు” వంటి మాటలు కలిపి వెతకండి. ఫిర్యాదు దొరికితే అక్కడితో ఆగకుండా దాని ముగింపు వెతకండి. ఆ మనిషి మళ్ళీ వచ్చి, మార్చి ఇచ్చారని రాశాడా? ఒకే లోపం పలువురికి వచ్చిందా? వచ్చినప్పుడు కంపెనీ దాన్ని ఒప్పుకొని భాగాన్ని మార్చిందా, లేక ప్రతి ఒక్కరికీ మీ ఒక్కరికే ఇలా జరిగిందని చెప్పిందా? ఎక్కడా ఒక్క ఫిర్యాదు కూడా లేని చిన్న కంపెనీని చూసి నిశ్చింత పడవద్దు; అది అమ్మినవి మరీ తక్కువ కావచ్చు. లోపం ఒప్పుకొని సరిచేసిన దాఖలాలు ఉన్న కంపెనీని నేను ఎక్కువగా నమ్ముతాను.

జాగ్రత్త: సమీక్షకులకు కంపెనీ నేరుగా నమూనా పంపి ఉంటే, వారికి అందిన సర్వీసు మీకు అందబోయే సర్వీసుకు కొలత కాదు.

5. ఎవరి దగ్గర కొంటున్నారో తేల్చుకోండి. కంపెనీ వెబ్‌సైటులోని అధీకృత డీలర్ల జాబితాలో ఆ దుకాణం పేరు ఉండాలి. పెట్టె మీద మన దేశపు స్టిక్కరు ఉందా అని కూడా అడగండి. ప్యాకేజీ వస్తువులకు సంబంధించిన 2011 తూనికలు కొలతల నిబంధనల ప్రకారం దిగుమతి చేసిన సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన ఫోను లేదా ఈమెయిల్ వివరాలు ఉండాలి. స్టిక్కరు లేని పెట్టె చాలావరకు అధీకృత దారిలో రానిదే. అటువంటిది కొన్ని వేలు తక్కువకు దొరికినా, వారంటీ లేదనుకునే లెక్క వేసుకోండి. ఎవరైనా బంధువు అమెరికా నుంచి తెచ్చిపెడుతున్నా ఇదే లెక్క, ఎందుకంటే పాడైతే అది మళ్ళీ అమెరికాకే వెళ్లాలి.

6. అందిన రోజే సీలు తీయడం నుంచి వీడియో తీయండి. సీరియల్ నంబరు బిల్లుతో సరిపోవాలి. డీలరు వాపసు గడువు ముగిసేలోగా కింద 7వ మెట్టులోని పరీక్షలన్నీ ఒకసారి చేసి చూడండి.

లోపం కనబడినప్పుడు

7. లోపం ఎక్కడుందో మీరే ముందు తేల్చండి. కేబులో, ఫోనో, ప్యాడో చేసిన నేరాన్ని డ్రైవరు మీద మోపి హెడ్‌ఫోన్‌ను వేల మైళ్లు పంపితే, “లోపమేమీ కనబడలేదు” అన్న చీటీతో తిరిగి వస్తుంది; కొరియర్ ఖర్చు మీ మీద పడుతుంది. ఈ వరుసలో చూడండి.

అ) ఫోను సెట్టింగుల్లో ఎడమ కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి. వేలు తగిలి పక్కకు జరిగి ఉండవచ్చు. తరువాత మరొక ఫోనుతో వినండి.

ఆ) హెడ్‌ఫోన్‌ను తిప్పి, ఎడమ కప్పును కుడి చెవికి పెట్టుకోండి. తక్కువ శబ్దం అదే చెవిలో ఉండిపోతే లోపం హెడ్‌ఫోన్‌ది కాదు. చెవిలో గుమిలి ఉండవచ్చు. అప్పుడు చూపించవలసింది చెవి వైద్యుడికి.

ఇ) వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ఊడే కేబుల్ అయితే కప్పుల దగ్గర రెండు చివరలను అటుదిటు మార్చండి. లోపం రెండో వైపుకు మారితే అది కేబుల్‌దో, యాంప్లిఫయర్‌దో. అదే కప్పులో ఉండిపోతే డ్రైవరుదో, కప్పులోని వైరుదో.

ఈ) ప్యాడ్లను తీసి మళ్ళీ అమర్చండి. ఒక ప్యాడ్ సరిగ్గా కూర్చోకపోతే గాలి తప్పించుకొని ఆ వైపు బేస్ తగ్గుతుంది; వినేవారికి అది డ్రైవరు పోయినట్టే అనిపిస్తుంది.

ఉ) జర్రుమనే శబ్దం వస్తుంటే ప్యాడ్ తీసి వెలుతురులో చూడండి. చాలాసార్లు అది డయాఫ్రమ్‌కు, అంటే డ్రైవరులో కదిలే పలుచని పొరకు, తగులుతున్న ఒక వెంట్రుక. పైకి కనబడితే మెల్లగా తీయండి. లోపలికి వెళ్లి ఉంటే ముట్టుకోవద్దు.

ఊ) మధ్యలో నిలవవలసిన గొంతు మధ్యలోనే నిలుస్తోందా అని వినండి. 1970కి ముందటి తెలుగు సినిమా పాటలు చాలావరకు మోనో రికార్డింగులు, అంటే రెండు వైపులా ఒకే ధ్వని ఉండేవి కాబట్టి గాయని గొంతు సరిగ్గా తల మధ్యలో వినబడాలి. మీకు కంఠతా వచ్చిన అన్నమయ్య కీర్తన వెనుక సాగే తంబురా శ్రుతి కూడా మంచి పరీక్షే: ఆగకుండా ఒకే తీరున మోగే ధ్వని కాబట్టి చిన్న చిటపట కూడా దాచుకోలేదు. అనుమానం మిగిలితే 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఎక్కే స్వీప్ ధ్వనిని తక్కువ వాల్యూమ్‌లో వినండి.

ఋ) మల్టీమీటరు ఉంటే, హెడ్‌ఫోన్‌ను అన్నిటి నుంచీ ఊడదీసి రెండు వైపుల రెసిస్టెన్స్ కొలవండి. రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక వైపు అసలు రీడింగే రాకపోతే ఎక్కడో తీగ తెగింది.

ప్లేనార్ హెడ్‌ఫోన్‌ను (చదునైన పలుచని పొరతో ధ్వని పుట్టించే రకాన్ని) తలకు పెట్టుకునేటప్పుడు, కప్పును గట్టిగా ఒత్తినప్పుడు చిటుక్కుమనే శబ్దం రావచ్చు. గాలి ఒత్తిడికి పలుచని పొర కదలడమే దానికి కారణం; కొన్ని మోడళ్లలో అది లోపం కాదు. పాట మోగుతుండగా వస్తేనే అనుమానించండి.

చేయకూడనివి మూడు. డ్రైవరు మీద బ్లోయర్‌తోగాని గాలి డబ్బాతోగాని ఊదకండి, డయాఫ్రమ్ చిరుగుతుంది. ఇనుప పట్టకారును తెరిచిన డ్రైవరు దగ్గరకు తేకండి. అయస్కాంతం దాన్ని లాక్కొని పొర మీద దిగేస్తుంది. వారంటీ ఉండగా సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో కప్పు తెరిపించకండి. వారంటీ ముగిసిన కేబుల్‌కు జాక్ మార్చడం మాత్రం సోల్డరింగ్ బాగా తెలిసిన స్థానిక మెకానిక్కు చేయగల పనే; దానికోసం విదేశానికి పంపనక్కరలేదు.

8. ఒక్క ఉత్తరంలో పూర్తి సమాచారం ఇవ్వండి. “మీ హెడ్‌ఫోన్ పనిచేయడం లేదు, వెంటనే స్పందించండి” అన్న ఉత్తరానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఎదురు ప్రశ్నే; అందులోనే నాలుగు రోజులు పోతాయి. చిన్న వాక్యాల ఇంగ్లీషులో రాయండి. సారాంశం ఇలా ఉంటే చాలు:

“ఫలానా మోడల్, ఫలానా సీరియల్ నంబరు హెడ్‌ఫోన్‌ను ఫలానా తేదీన మీ అధీకృత డీలరు దగ్గర కొన్నాను. బిల్లు జతచేశాను. గత వారం నుంచి ఎడమ వైపు శబ్దం తగ్గింది. రెండు ఫోన్లతో చూశాను. కేబుల్ చివరలు మార్చి చూశాను. లోపం ఎడమ కప్పులోనే ఉండిపోయింది. రెండు వైపుల రెసిస్టెన్స్ అంకెలు ఇవి. ఫొటోలు, చిన్న వీడియో జతచేశాను. నేను భారతదేశంలోని తిరుపతిలో ఉంటాను. తరువాత ఏమి చేయాలో, ఎక్కడికి పంపాలో చెప్పగలరా?”

డీలరుకు, కంపెనీకి ఒకే ఉత్తరం పంపండి, ఇద్దరి పేర్లూ ఇద్దరికీ కనబడేలా. మొదటి ఉత్తరంలోనే కోర్టు మాట, సోషల్ మీడియా బెదిరింపు వద్దు. మూడు పనిదినాలు ఆగి, అదే ఉత్తరం కింద మర్యాదగా గుర్తుచేయండి. కొత్త ఉత్తరం మొదలుపెడితే చిన్న కంపెనీలో రెండూ విడివిడిగా పడి మరింత ఆలస్యమవుతుంది.

“ఒక్క డ్రైవరు పంపండి, నేనే మార్పించుకుంటాను” అని చాలామంది అడుగుతారు, కాదంటే నొచ్చుకుంటారు. మంచి తయారీదారులు ఎడమ, కుడి డ్రైవర్లను కొలిచి, ఒకదానికొకటి సరిపోయే జతలుగా ఎంచుతారు. ఒకటి మార్చాలంటే రెండవదాన్ని కూడా కొలవాలి. హెడ్‌ఫోన్ మొత్తాన్ని పంపమనడానికి సాధారణంగా అదే కారణం.

9. కాగితాలు సరిచూసుకున్నాకే పంపండి. ముందుగా, భారతదేశంలోని డీలరు తీసుకుంటాడా అని అడగండి. తీసుకుంటే తిరుపతి నుంచి చెన్నైకో బెంగళూరుకో పంపడంతో మీ బాధ్యత తీరుతుంది. విదేశానికి పంపే తలనొప్పి డీలరుది. ఈ ఒక్క సౌకర్యం కోసమే అధీకృత డీలరుకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదంటాను.

విదేశానికి మీరే పంపవలసి వస్తే, కంపెనీ నుంచి ఆర్‌ఎంఏ నంబరు (వస్తువును వాపసు పంపడానికి కంపెనీ ఇచ్చే అనుమతి నంబరు) రాతపూర్వకంగా వచ్చేదాకా ఆగండి. ఆ తరువాత కొరియర్ వారితో స్పష్టంగా మాట్లాడండి: ఇది మరమ్మతు కోసం వెళ్లి తిరిగి వచ్చే వస్తువు, అమ్మకం కాదు. ఇన్‌వాయిస్‌లోనూ, షిప్పింగ్ బిల్లులోనూ (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ఆ మాట, సీరియల్ నంబరు ఉండాలి. ఇది లేకపోతే హెడ్‌ఫోన్ తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ వారు దాన్ని కొత్త దిగుమతిగా చూసి, పూర్తి విలువ మీద సుంకం వేసే ప్రమాదం ఉంది.

45/2017 నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ ప్రకారం, మరమ్మతుకు వెళ్లిన వస్తువు మూడేళ్లలోగా తిరిగి వస్తే, మరమ్మతు ఖర్చు, బీమా, రానుపోను రవాణా ఖర్చులను కలిపిన విలువ మీదనే సుంకం లెక్కకడతారు. ఇందులో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, వారంటీలో ఉచితంగా బాగుచేసినా, ఆ పనికి న్యాయంగా ఎంత అవుతుందో అంత విలువ లెక్కలోకి వస్తుంది. కాబట్టి కంపెనీని ఇన్‌వాయిస్‌లో సున్నా రాయకుండా మరమ్మతు విలువను చూపించమని అడగండి. రెండవది, వెళ్లిన వస్తువే తిరిగి రావాలి. కంపెనీ దయతలచి కొత్త సీరియల్ నంబరుతో కొత్త హెడ్‌ఫోన్ పంపితే ఈ వెసులుబాటు చిక్కులో పడుతుంది. మార్చి ఇవ్వాలనుకుంటే ముందే చెప్పమని ఆర్‌ఎంఏ దశలోనే రాయండి.

పెట్టెలో కేబుల్, ప్యాడ్లు ఉంచాలో వద్దో కంపెనీనే అడగండి. అసలు పెట్టెను మరొక గట్టి అట్టపెట్టెలో ఉంచి, మధ్య ఖాళీని ఫోమ్‌తో నింపండి. బీమా కోసం పూర్తి విలువ రాయండి. తక్కువ రాస్తే పోయినప్పుడు అంతే వస్తుంది. బ్యాటరీ ఉన్న వైర్‌లెస్ మోడల్ అయితే లిథియం బ్యాటరీ నిబంధనల వల్ల కొందరు కొరియర్ వారు తీసుకోరు, ముందే అడగండి.

10. తిరిగి వచ్చిన రోజే పరీక్షించండి. సీలు తీసేటప్పుడు వీడియో తీయండి, సీరియల్ నంబరు చూడండి, 7వ మెట్టులోని పరీక్షలను మళ్ళీ చేయండి. ఒకే డ్రైవరు మార్చి ఉంటే రెండు వైపుల ధ్వని ఒకే రంగులో ఉందా అన్నది ముఖ్యంగా వినండి: గొంతు మధ్యలో ఉన్నా, తాళాల మోత ఒక వైపు పదునుగా, ఒక వైపు మొద్దుగా ఉంటే జత కుదరలేదు. ఆ సంగతి వారంలోగా అదే ఉత్తరం కింద రాయండి. ఏమి మార్చారో, కొత్త భాగానికి వారంటీ ఎంతకాలమో రాతలో తీసుకోండి.

జవాబు రాకపోతే

11. మన దేశపు దారి. ఆన్‌లైన్‌లో కొన్నట్లయితే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అది జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మినవాడు ముంబయిలో ఉన్నా సరే. చెల్లించిన ధర అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి.

ఈ దారి భారతీయ డీలరు మీద బాగా పనిచేస్తుంది. మన దేశంలో ఎవరూ లేని విదేశీ కంపెనీ మీద ఉత్తర్వు సంపాదించినా అమలు చేయించడం చాలా కష్టం. అక్కడ నేరుగా కొనేవారు క్రెడిట్ కార్డుతోనే చెల్లించడం మంచిది. వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడిగే వీలుంటుంది. దానికీ గడువు ఉంటుంది కాబట్టి ఉత్తరాలతో నెలలు గడపకుండా బ్యాంకును త్వరగా అడగండి.

12. జరిగింది జరిగినట్టు రాసి పెట్టండి. చిన్న కంపెనీకి ప్రకటనల డబ్బు ఉండదు; మీలాంటివారు రాసే మాటల మీదే దాని పేరు నిలుస్తుంది, పడిపోతుంది. అందువల్ల కోపంలోగాని సంతోషంలోగాని రాయకుండా, వ్యవహారం ముగిశాక తేదీలతో రాయండి: ఎప్పుడు ఉత్తరం రాశారు, ఎప్పుడు జవాబు వచ్చింది, ఎవరు ఎంత ఖర్చు పెట్టుకున్నారు, ఎన్ని రోజులకు చేతికి వచ్చింది, కస్టమ్స్‌లో ఎంత కట్టారు. కొరియర్ చేసిన ఆలస్యాన్ని కంపెనీ ఖాతాలో వేయకండి. ఆరు నెలల తరువాత అదే చోటికి తిరిగివెళ్లి, లోపం మళ్ళీ వచ్చిందో లేదో ఒక్క వాక్యం చేర్చండి. 4వ మెట్టులో మీరు వెతికినది ఆ వాక్యాన్నే.